ఒడ్డు ఊడ్చినంత మాత్రాన

గత మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం విద్యార్థులతో కలిసి విశాఖపట్నం రామకృష్ణా బీచిలో చెత్త ఏరాను. రెండు గంటల్లో గోనెసంచులు నిండిపోయాయి. వాటిలో నీళ్లసీసాలు తక్కువ. పాతసామాన్ల కొట్లో వాటికి వెల ఉంది గనుక, చెత్త ఏరుకు బతికే స్త్రీలు తెల్లవారకముందే పట్టుకుపోయారు. మిగిలినవి చిప్సు పొట్లాలు. పొర మీద పొర అతికించిన ఆ సరుకును విడదీసే ఖర్చు దాని విలువను మించుతుంది. కనుక అది ఎవరికీ అక్కరలేదు.

పని ముగిసింది. పుణ్యం చేసిన తృప్తి కలిగింది. వల బాగుచేసుకుంటున్న జాలరి వృద్ధుడొకడు మావైపు చూసి, "ఒడ్డు బాగానే తుడిసినారు మేస్టారూ! మా వలలో పడ్డది ఎవులు తుడుస్తారు?" అన్నాడు. మా సంచులు మాత్రం ఎక్కడికి పోయాయి? లారీ ఎక్కి కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు. మా శుభ్రత మరొక ఊరి ముంగిట చెత్త అయింది.

మరి దోషం ఎవరిది? పారేసిన యాత్రికుడిదని మధ్యతరగతి నీతి అంటుంది. తయారుచేసి లాభపడినవాడిదని మనమంటాం. మన వాదానికి ఆధారాలు లేకపోలేదు. 2015 నాటికి లోకంలో పుట్టిన ప్లాస్టిక్ వ్యర్థాలు సుమారు 630 కోట్ల టన్నులనీ, తిరిగి వాడుకలోకి వచ్చింది దాదాపు 9 శాతమేననీ 2017లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. 2022 జూలై 1న మన దేశం స్ట్రాలనూ, కప్పులనూ, చెంచాలనూ నిషేధించింది. చిప్సు పొట్లాలు ఆ జాబితాలో లేవు. 2025 ఆగస్టులో జెనీవా చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి. ఉత్పత్తికే హద్దు పెట్టాలన్న దేశాలకూ, వద్దన్న చమురు దేశాలకూ పొసగలేదు.

అయితే ఈ వాదంలో ఒక సుఖం దాగి ఉంది. దాన్ని ఒప్పుకోక తప్పదు. ఆ ఉదయం నేను కూడా నీళ్లసీసా కొనుక్కునే బీచికి వెళ్లాను. "వ్యవస్థదే తప్పు" అన్న సత్యం నా చేతిని నేను చూసుకోకుండా కాపాడింది. చలికాలంలో ఆ ఇసుకలోనే గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలుకు, వ్యవస్థ విసిరిన సంచికీ నేను విసిరిన సంచికీ భేదం లేదు. ఎండకూ అలలకూ చిట్లి, చేపల పొట్టలోకి పోయే తునకల మీద ఎవరి పేరూ ఉండదు.

బాధ్యతను శక్తినిబట్టి కొలవాలని నా అభిప్రాయం. కంపెనీది కొండంత, నాది పిడికెడు. కొండను చూపించి పిడికెడును ఎగ్గొట్టడం ఎంత తప్పో, పిడికెడు తీర్చి కొండను మరిచిపోవడం అంతకంటె పెద్ద తప్పు.

మళ్లీ ఆదివారం వెళ్తున్నాం. ఈసారి సంచులతోపాటు ఒక నోటుపుస్తకం కూడా. ఏ పొట్లం ఏ కంపెనీదో రాసి, 2022 ఫిబ్రవరి నిబంధనలు తయారీదార్ల మీద పెట్టిన బాధ్యత ఏమైందని ఆ లెక్కతో అడుగుతాం. వృద్ధుడి ప్రశ్నకు ఇది జవాబు కాదు. జవాబు చెప్పవలసినవాళ్లను పేరు పెట్టి పిలవడం మాత్రమే.