అగ్నిపర్వతం చేసిన పని మనమూ చేయవచ్చునా?



1991 ఏప్రిల్‌లో కొందరు శాస్త్రజ్ఞులు ఆల్విన్ అను చిన్న జలాంతర్గామిలో తూర్పు పసిఫిక్ మహాసముద్రపు అడుగుకు దిగారు. మెక్సికో తీరానికి దూరంగా, రెండున్నర కిలోమీటర్ల లోతున, ఒక పర్వతశ్రేణి కలదు. దాని నెర్రెల్లో వేడినీటి ఊటలు, వాటి చుట్టూ గొట్టపు పురుగుల గుంపులు ఉండేవి. వీరు చేరేసరికి లావా పొంగి అప్పుడే గడ్డకట్టింది. పురుగులు కమిలిపోయి ముక్కలై పడి ఉన్నాయి. తెల్లని సూక్ష్మజీవుల తుక్కు నీళ్లలో మంచువలె ఎగురుతోంది.

అయితే 1993 డిసెంబరులో మళ్లీ వెళ్లి చూస్తే, అక్కడే నిలువెత్తు, అనగా మీటరున్నర పొడవు పురుగులు! 2006లో మళ్లీ లావా వచ్చింది, 2025లో మరల వచ్చింది.

ఈ సంగతి విని కొందరు చెప్పే మాట ఒకటి ఉంది. ఆ ఊటల దగ్గర రాగి, జింకు పేరుకొని ఉంటాయి. "ఎలాగూ కాలిపోయేవే, ఎలాగూ తిరిగి పుట్టేవే, మనం త్రవ్వితే తప్పేమిటి?" అంటారు. ఇది మనకు దూరపు మాట కాదు. హిందూ మహాసముద్రపు శ్రేణిలో ఇట్టి ఖనిజాలను వెదకుటకు మన దేశం 2016లో ఒప్పందం చేసుకొంది. వెదకుటకే, త్రవ్వుటకు కాదు; న్యాయంగా ఆ మాటా చెప్పాలి.

ఉప్పెన ఇల్లు కూల్చితే ఉప్పెన మీద ఎవరూ కేసు పెట్టరు. ఉప్పెన ఎలాగూ వస్తుంది గదా అని పొరుగువాని దూలాలు ఊడదీసుకొనిపోయినవాణ్ణి మాత్రం పంచాయితీకి పిలుస్తారు. లావాకు ఎంచుకొనే శక్తి లేదు. మనకుంది.

పైగా అన్ని శ్రేణులూ ఒకటి కావు. పసిఫిక్‌లోని ఆ చోట సముద్రపు నేల ఏటా పదకొండు సెంటీమీటర్లు విడిపోతుంది గనుక లావా తరచు వస్తుంది. అక్కడి జీవులు పోయి రావడానికి అలవాటుపడినవి. నైరుతి హిందూ మహాసముద్రంలో ఏటికి ఒకటిన్నర సెంటీమీటర్లే. అక్కడ ఊటలు వేల యేండ్లు కదలక ఉండగలవు. అట్టిచోట పోయినది మూడేండ్లకు వస్తుందని ఎవరు పూచీ ఇస్తారు?

రాగి అక్కరలేదని నేననను. మన ఇండ్లలో వైర్లు చాలావరకు రాగివే. అవసరమంటే అవసరాన్ని తూచి చూడవచ్చు. "ఎలాగూ పోయేదే" అన్నది సాకు. దానిని తూచడానికి తక్కెడ లేదు.

పాదం మీద ఇనుప పొలుసులు గల నత్త ఒకటి హిందూ మహాసముద్రపు కొద్ది ఊటల దగ్గర మాత్రమే జీవిస్తుంది. 2019లో దానిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. చేర్చింది లావా భయంచేత కాదు, త్రవ్వకం భయంచేత.