తెరచిన గొయ్యికి జవాబుదారీ ఎవరు?

మట్టి కూలి మనిషి పోయాడని వినగానే మన నోట మొదట వచ్చే మాట, "వాడి రాత అంతే" అని. విశ్వాసులమైన మనం దానినే కొంచెం మార్చి "దేవుని చిత్తం" అంటాము. దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడానికి పలికినప్పుడు ఆ మాటలో తప్పు లేదు. కాని దాని చాటున మనుషుల బాధ్యత దాగిపోతే, మనం చేసిన పనిని దేవుని మీద మోపినట్లే అవుతుంది.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలింది. నీరు, బురద, రాళ్ళు ముంచెత్తి 8 మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారు వారు. సైన్యం, విపత్తు దళాలు, సింగరేణి కార్మికులు రెండు నెలలు గాలించినా ఇద్దరి దేహాలే బయటికి వచ్చాయి. ఆ వార్తను దేశమంతా చదివింది. కాని మన నర్సీపట్నం వీధుల్లోనో, గొలుగొండ, మాకవరపాలెం పల్లెల్లోనో తవ్వే బావి, పునాది, సెప్టిక్ ట్యాంకు గొయ్యి ఏ పత్రికకూ ఎక్కదు. అందులో దిగేది మన పక్కవీధి మనిషే. మట్టి బరువు మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఆ బరువు ఎంతో తెలుసుకోవడం మంచిది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల మట్టి సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. రొమ్ము వరకు కూరుకుపోయిన మనిషికి తల బయట ఉన్నా ఊపిరి ఆడదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకొంచెం బిగుసుకుంటుంది. గొయ్యి అంచున పోసిన మట్టి కుప్ప, పక్కనుండి పోయే లారీ, రాత్రి కురిసిన వాన, ఇదివరకే ఒకసారి తవ్వి పూడ్చిన నేల, వీటిలో ఏ ఒక్కటైనా నిలువు గట్టును కూల్చడానికి చాలు.

దీనికి నివారణ పెద్ద రహస్యమేమీ కాదు. ప్రభుత్వ కట్టడాల పనులకు ఏనాటి నుండో నియమాలు ఉన్నాయి. లోతు ఒకటిన్నర మీటరు, అంటే సుమారు ఐదడుగులు చేరితే, గోడలను వాలుగానో మెట్లు మెట్లుగానో తవ్వాలి. లేదా దూలాలు, పలకలతో ఆసరా కట్టాలి. తవ్విన మట్టిని అంచు నుండి ఒకటిన్నర మీటరు, లేదా గొయ్యి లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరాన వేయాలి. పైకి ఎక్కడానికి నిచ్చెన ఉండాలి. అడుగున తొలిచి పైభాగాన్ని దానంతట అదే పడనివ్వడం ఎన్నడూ చేయరాదు.

"తవ్వేవాడికి పని తెలుసు, ఒప్పుకునే దిగాడు, ఇక నా తప్పేమిటి?" అని ఇల్లు కట్టించే ఆసామి అడగవచ్చు. ఈ వాదన బలమైనదే, తేలికగా కొట్టివేయరాదు. అయితే పదమూడవ లియో పోపుగారు 1891లో కార్మికుల విషయమై వ్రాసిన విశ్వలేఖలో కూలి ఒప్పందాన్ని గూర్చి ఒక సత్యం చెప్పారు. అవసరం తరుముతుండగా పేదవాడు ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఒప్పందం న్యాయమైపోదన్నారు. కూలి డబ్బుకు వర్తించే ఈ న్యాయం ప్రాణానికి వర్తించదా? 1981లో రెండవ జాన్‌పాల్ పోపుగారు కార్మికుని ఆరోగ్యానికి హాని చేయని పనిచోటు అతని హక్కు అని స్పష్టంగా బోధించారు. ఇది మన ప్రాంతానికి కొత్త పాఠం కాదు. గూడెం కొండల్లో గిరిజనులచేత చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించడం 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఆ కూలీలు పలుగు పట్టుకున్నారు కనుక వారికి ఇష్టమేనని అనగలమా?

పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో మనం అనుకున్నదానికంటే సూటిగా ఉంది. గొయ్యి తవ్వి కప్పకుండా వదిలినవాడు, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, నష్టం చెల్లించాలని నిర్గమకాండము 21వ అధ్యాయం శాసిస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడినవాని రక్తాపరాధం ఆ ఇంటిమీద ఉంటుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతుంది. పడినవాడు జాగ్రత్తగా లేడు కదా అన్న సాకును అది వినదు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటే పాపాత్ములు కారని క్రీస్తు ప్రభువు చెప్పారు. చనిపోయినవారి రాతను వెదకమనలేదు, వింటున్నవారిని మారుమనస్సు పొందమన్నారు.

ఖర్చు మాట నిజమే. అప్పు చేసి ఇల్లు కట్టుకునే మన కుటుంబాలకు ప్రతి రూపాయి లెక్కే. కాని మట్టిని దూరంగా పోయించడానికి, వానకు తడిసిన గట్టు ఆరేవరకు ఆగడానికి, నిచ్చెన దించడానికి పెద్ద మొత్తమేమీ అక్కర లేదు. లోతైన గొయ్యికి ఆసరా కట్టించే స్తోమత లేకపోతే స్తోమత వచ్చేవరకు ఆగాలి. నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి 2025 వరకు అమలులో ఉన్న చట్టం పది లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే సొంత ఇంటిని తన పరిధిలో చేర్చలేదు. చట్టం చూడని చోట మనస్సాక్షి ఒక్కటే కావలి. మేస్త్రికి కూడా ఇందులో వాటా ఉంది. గట్టు బీటలు వారిందని కూలీ పైకి వస్తే అది బద్ధకం కాదు. ఆ రోజు కూలి అతనికి ఇవ్వడమే న్యాయం. గట్టు కూలినప్పుడు తొందరపడి ఇంకొకరు అందులోకి దూకడం రెండవ ప్రాణాన్నీ తీయవచ్చునని ఇంటిల్లిపాదికీ తెలియాలి.

శంకుస్థాపనకు విచారణ గురువులను పిలిచి పునాదిని ఆశీర్వదింపజేసుకుంటాము. అది మంచి ఆచారం. ఆశీర్వాదం కోరే ముందు ఆ గొయ్యి అంచున నిలబడి ఒక్క ప్రశ్న వేసుకుందాము: ఇందులోకి నా కొడుకును దింపుతానా? దింపనని మనసు చెబితే, పరుల కొడుకును దింపే హక్కు మనకు లేదు. వడ్రంగి పని చేసి బ్రతికిన పునీత జోజప్పగారు కష్టజీవుల కొరకు, వారికి పని ఇచ్చే మన కొరకు కూడా ప్రార్థింతురుగాక.