దీపము ఘటమును సృజించునా?

చూచువాని చైతన్యము చేతనే జగత్తు రూపొందుచున్నదనియు, క్వాంటమ్ భౌతికశాస్త్రము దీనిని నిరూపించినదనియు, కావున వేదాంతము సత్యమని తేలినదనియు పలువురు ఆస్తికులు సంతోషముతో చెప్పుకొనుచుందురు. ఈ సంతోషమునకు ఆధారమెంతయో విచారింపవలసియున్నది.

రెండు సన్నని చీలికలు గల పలక గుండా ఎలక్ట్రానులను ఒక్కొక్కటిగా పంపినచో, అవి వేలకొలదిగా చేరిన పిదప ఆవలి తెరపై, అలలు కలిసినప్పటివలె, చారలు ఏర్పడును. ఏ కణము ఏ చీలిక గుండా పోయినదో గుర్తించు పరికరము నుంచినచో చారలు మాయమగును. కొలతకు ముందు కణమునకు నిశ్చితమైన స్థానము లేదని పలువురు శాస్త్రజ్ఞులు భావించిరి. అట్లయిన నిశ్చయము కలుగుట ఎచ్చట? పరికరమును అణువుల రాశియే గదా! వాన్ నాయ్‌మన్ 1932 నాటి గ్రంథములో ఈ ప్రశ్నను ద్రష్ట వరకు కొనిపోయెను. ద్రష్ట యొక్క చైతన్యమే నిశ్చయహేతువని 1961లో యూజీన్ విగ్నర్ వ్రాసెను. నేడు వినవచ్చు మాటకు ముఖ్యమైన మూలమిదియే.

కాని పరికరము చూపిన లెక్కను ఎవ్వరును చదువకున్నను చారలు ఉండవు. స్థూలవస్తువు పరిసరములతో సంబంధము లేకుండ ఉండజాలదనియు, ఆ సంబంధమే చారలను చెరిపివేయుననియు 1970లో జర్మనీ దేశీయుడు డీటర్ ట్సే చూపెను. అది గ్రహించి విగ్నరే ఆ దశకము చివర తన పూర్వమతమును విడిచెను. పెక్కు ఫలములలో ఒక్కటియే ఏల అనుభవమునకు వచ్చునన్న వివాదము మాత్రము నేటికిని తెగలేదు. భౌతికశాస్త్రము చదువు కుమారుడు ఈ సంగతి చెప్పినప్పుడు, విగ్నర్ మాటపై తన విశ్వాసమును నిలిపిన తండ్రి ఏమని బదులు చెప్పగలడు?

శాస్త్రము మాట అటుంచి, ఆ వాదము మన సిద్ధాంతమునకైనను పొసగునా? సర్వేశ్వరుడు సర్వజ్ఞుడు, ఆయన యెరుగని అణువు లేదు. ఎరుకయే నిశ్చయహేతువైనచో, ఆయన ఎరుక చేత ప్రతి కణమును ఎల్లప్పుడును నిశ్చితమైయుండవలెను. తెరపై చారలు ఎన్నడును ఏర్పడరాదు. ఏర్పడుచున్నవి గదా! ఈశ్వరజ్ఞానము ఇంద్రియాపేక్ష లేనిది, మనుష్యుని చూపు వంటిది కాదందురేని, అప్పుడు హేతువు ఇంద్రియమే యగును గాని చైతన్యము గాదు. ఇంద్రియము జడమే, పరికరమును జడమే.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున జ్ఞానమునకు ఆశ్రయముగా తెలియువాడును, విషయముగా తెలియబడు వస్తువును ఉండవలెనని స్థాపించిరి. జ్ఞానము దీపప్రభ వంటిది. ప్రభ చీకటిలోని ఘటమును చూపును. ఘటమును చేయుట కుమ్మరి పని. అచిత్తు సత్యము, భగవచ్ఛరీరము. జీవుని చూపు కొరకు అది వేచియుండదు. జగత్తు మనస్సు కల్పించినదేయను మాటను సంప్రదాయమువారు పూర్వపక్షముగా ఖండించిరి. దానినే మరల శాస్త్రము పేర ఇంటికి పిలుచుకొనుట వింత.

ఇచట ష్రోడింగర్ వృత్తాంతము స్మరింపదగినది. ఆయన ప్రసిద్ధ సమీకరణము 1926లో వెలువడెను. వేదాంతమును ఆదరించుచు వ్రాసిన వ్యాసము 1925 నాటిది. చైతన్యము ఒక్కటియే యను ఆయన మొగ్గు శ్రీవైష్ణవులకు సమ్మతము గాదు. అయినను ఉపనిషత్తులపై ఆయనకు గల గౌరవము ఆ సమీకరణమునకు ముందే కలిగినది.