ఛాత్రోపాధ్యాయుని ఋణము

ఛాత్రోపాధ్యాయుఁడను పదమును మన శిక్షణకళాశాలలవారు చిరకాలముగా వాడుచున్నారు. బోధింప నేర్చుకొనుచు బోధించువాఁడని దాని యర్థము. ఇందలి మొదటి సగమునకు వ్యాకరణవేత్తలు చెప్పిన వ్యుత్పత్తి చిత్రమైనది. ఛత్రమనఁగా గొడుగు. గొడుగు ఎండవానలను అడ్డగించినట్లు గురువుయొక్క లోపములను కప్పువాఁడు గనుక శిష్యుఁడు ఛాత్రుఁడైనాఁడని కాశికావృత్తి చెప్పుచున్నది. గురుభక్తికి ఇది పరాకాష్ఠయని పూర్వులు తలఁచిరి కాఁబోలు. ఆ గొడుగు ఎవరి చేత నున్నదో, ఎవరి నెత్తిపై నున్నదో మాత్రము మేము ఆరాంఘరు చౌరస్తాకు కూఁతవేటు దూరములోని యొక సర్కారుబడిలో నేర్చుకొంటిమి. ఆ సంగతినే చదువరులకు విన్నవింపఁ దలఁచితిమి. అది మాకు గౌరవము తెచ్చునది కాదు.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014వ సంవత్సరమున క్రొత్త నిబంధనలు చేసినది. అంతకు ముందు ఏఁడాదిలో ముగియుచుండిన బి.ఇడి. చదువు 2015 నుండి రెండేండ్లదైనది. అందులో ఇరువది వారములు బడులలో గడపవలెను. ఈఁత నేర్వవలెనన్న నీటిలో దిగవలసినదే గదా యని యెవరైన ననవచ్చును. నిజమే. కాని యీఁదువాఁడు మునిఁగినచో తానొక్కఁడే మునుఁగును. ఛాత్రోపాధ్యాయుఁడు మునిఁగినచో తరగతిలోని నలువదిమందియు మునుఁగుదురు. నూఱుగురిని చంపినఁగాని వైద్యుఁడు కాఁడని మనవారు నవ్వులకు చెప్పుకొందురు; ఆ నూఱుగురును ఎవరి బిడ్డలని యడిగినవారు లేరు.

ఆరాంఘరనఁగా విశ్రాంతిగృహమని యర్థము. ఆ పేరు పెట్టినవారు నేఁటి చౌరస్తాను చూచిన నవ్వుదురు. మెహిదీపట్నమునుండి పదునొకండు కిలోమీటర్లకు పైగా స్తంభములపై సాగు పి.వి. నరసింహారావు మార్గము 2009లో తెఱువఁబడినది. అది యిచ్చటనే నేలకు దిగును. శంషాబాదు విమానాశ్రయమునకు పోవు కార్లు దానిమీఁదుగా వచ్చి, బడిపిల్లల వంక చూడక పరుగిడును. ప్రక్కనే కాటేదాను కార్ఖానాలు. పాలమూరినుండియు, బీహారు ఒడిస్సాలనుండియు కూలికై వచ్చినవారి పిల్లలే మా తరగతిలో ఎక్కువమంది. ఈ చుట్టుప్రక్కల నేర్చుకొనువారికి కొదువ లేదు. శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీయు, రాజేంద్రనగరులో వ్యవసాయవిశ్వవిద్యాలయమును కలవు. తుపాకి గుఱి నేర్చువానికి అట్టబొమ్మ యుండును. సేద్యము నేర్చువానికి పరిశోధనపు మడి యుండును. బోధన నేర్చువానికి అట్టబొమ్మ లేదు. తోటివిద్యార్థులనే పిల్లలుగా కూర్చుండఁబెట్టి అయిదాఱు నిమిషములు చెప్పు సూక్ష్మబోధన యొకటి కలదు గాని, గడ్డములు మీసములు గలవారు ఆఱవతరగతి పిల్లలవలె నటించుట నాటకమే. ఇఁక మిగిలినది కూలివారి బిడ్డలే. మమ్ము పంపునపుడు ఆ తల్లిదండ్రులనుమతి నడిగినవారు లేరు. మాకును అడుగవలెనని తోఁచలేదు.

మేము ఆఱవతరగతికి భిన్నములు చెప్పవలసివచ్చెను. అయిదు సోపానముల పాఠ్యపథకము వ్రాసి, అట్టతో రొట్టెలు కత్తిరించి, రంగులు వేసి తీసికొనిపోయితిమి. మూఁడవవంతు పెద్దదా, నాలుగవవంతు పెద్దదా యని యడుగఁగా చాలమంది నాలుగవవంతే పెద్దదనిరి. మూఁటికన్న నాలుగు పెద్దది గదా! ఈ తప్పు ప్రతి తరగతిలోను వచ్చునదే. దానిని దిద్దుటకు ఓపిక కావలెను. మాకు గంట మ్రోఁగకమునుపే పథకములోని చివరి సోపానమునకు చేరవలెనను తొందర. సరియైన జవాబును నల్లబల్లపై వ్రాసి, నాలుగుసారులు అందఱిచేత పలికించితిమి. పిల్లలు పలికిరి. నేర్చిరని మేము వ్రాసికొంటిమి.

మఱునాఁడు మా పాఠమును చూచి గుర్తులు వేయుటకు పర్యవేక్షకులు రావలసియుండెను. ఛాత్రోపాధ్యాయులలో ఒకరినుండి యొకరికి వచ్చు నుపాయమొకటి కలదు. ముందు సంవత్సరమువారు దానిని మాకు చెప్పిరి, మేమును పాటించితిమి. 'రేపు ప్రశ్న యడుగఁగానే అందఱును చేయి ఎత్తవలెను. జవాబు తెలిసినవారు కుడిచేయి, తెలియనివారు ఎడమచేయి' అని పిల్లలతో చెప్పితిమి. వారికి అది మంచి ఆటగా తోఁచెను. మఱునాఁడు తరగతి యంతయు చేతుల యడవి యైనది. మేము కుడిచేతుల నేఱి యడిగితిమి. జవాబులన్నియు సరిగానే వచ్చినవి. పర్యవేక్షకులు సంతోషించి వెడలిరి.

ఇట్టి చిన్నమోసమువలన ఎవరికిని నష్టము లేదని సమాధానపడితిమి. పది దినములు గడచెను. ఎవరును చూడవచ్చియుండని యొక మధ్యాహ్నమున ఏదో ప్రశ్న వేయఁగా, వెనుక వరుసలోని పాలమూరి పిల్లవాఁడొకఁడు ఎడమచేయి నిటారుగా ఎత్తి, నవ్వుచు కూర్చుండెను. మేము వానినే లెమ్మంటిమి. వాని నవ్వు పోయెను.

'ఎడమచెయ్యి ఎత్తిన గద సార్, నన్నడగొద్దు' అనెను.

కాశికాకారుని గొడుగు మాకప్పుడు కనఁబడెను. ఆ పిల్లలు తమ యెడమచేతులను మా లోపములపై గొడుగుగాఁ బట్టి, తాము ఎండలో నిలిచిరి. తెలియనితనమును దాఁచుకొన్నచో గురువు మెచ్చునని వానికి మేమే నేర్పితిమి. భిన్నములు రానివానికి మఱొకరు నేర్పుదురు. దీనిని వానినుండి తీసివేయువారెవరు? 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ ప్రకరణములో బాలుని దేహమును దండించుటయు, మనస్సును హింసించుటయు నిషేధించినది. మేము బెత్తము పట్టలేదు, తిట్టలేదు. ఏ ప్రకరణమునకును చిక్కని యపరాధమది.

అనుభవము లేకుండుట దోషము కాదని మేమిప్పటికిని నమ్ముదుము. నేర్చుచున్నవానిచేతనే నేర్పించుట మన వీధిబడులలో నుండినదే. పెద్దపిల్లవాఁడు చిన్నవారిచేత ఇసుకలో ఓనమాలు దిద్దించెడివాఁడు. మదరాసు ఎగ్మూరులోని అనాథబాలుర శాలలో స్కాట్లండుదేశీయుఁడగు ఆండ్రూ బెల్ ఇట్టి పద్ధతినే నడిపి, 1797లో దానిపై చిన్న గ్రంథము ప్రకటించెను. అది మదరాసు పద్ధతి యనుపేర ఇంగ్లండులోని బడులకు ప్రాఁకెను. వల్లెవేఁతయే దాని ప్రాణము. దానిని మరల తేవలెనని మేమనము. అయినను ఆ పెద్దపిల్లవాఁడు నిన్నటిదాఁక ఆ యిసుకలోనే వ్రేలు పెట్టినవాఁడని చిన్నవాఁడెఱుఁగును. మేమో, మెడలో పట్టీ వ్రేలాడఁగట్టుకొని, అంతయు తెలిసినవారివలె వారి యెదుట నిలిచితిమి.

గుర్తులకొఱకు చేసినదానికి ఇంత విచారమేల, పరీక్షించు విధానమే యట్లున్నదని మిత్రులొకరనిరి. వారి మాటలో సగము నిజము. ఒక్క పీరియడు చూచి యేఁడాది శ్రమను తూఁచువారికి ఒక్క పీరియడంత వేషమే చూపుదురు. ఇరువది వారముల నియమమును మొదట మేమును తిట్టుకొంటిమి; ఇప్పుడు తిట్టము. మునుపటివలె కొలఁది దినములలోనే ముగించుకొని వచ్చియుండినచో ఆ యెడమచేతిని మేము చూచియుండము.

పిమ్మట 'తెలియనివారు కుడిచేయి ఎత్తుఁడు' అని పలుమారు కోరితిమి. చాలదినములు ఒక్క చేయియు లేవలేదు. ఒకనాఁడు మాకే తెలియని హిందీ మాట నొకదానిని తరగతిలో అడిగి, వారు చెప్పఁగా నల్లబల్లపై వ్రాసికొంటిమి. ఆ వారములోనే బీహారునుండి వచ్చిన బాలిక యొకతె లేచి, 'సార్, వంతు అంటే ఏమి?' అనెను. నెలరోజులుగా వంతులు చెప్పుచున్నాము! హిస్సా అని చెప్పితిమి. ఆమె క్షణకాలమాలోచించి, 'అయితే చార్ మే తో కమ్ మిలేగా' అనెను. నలుగురు పంచుకొన్నచో తక్కువే వచ్చును గదా యని! అట్టరొట్టెలతో పని లేకపోయెను.

ఆ పాలమూరి పిల్లవాఁడు మాత్రము మేము బడి విడిచిన దినమువఱకును మా ప్రశ్నలకు ఏ చేయియు ఎత్తలేదు. మా పాఠములన్నిటిలో ఎక్కువ గుర్తులు పడినది చేతుల యడవి లేచిన యా పాఠమునకే.