కావడి మోయడమేనా సేవ?

పెద్దలకు సేవ అనగానే మనకు స్ఫురించేది శ్రవణకుమారుడు. కళ్లులేని తల్లిదండ్రులను కావడిలో మోసిన ఆ కొడుకే మన ఆదర్శం. కాని పక్షవాతం వచ్చిన పెద్దల విషయంలో మోయడమే సేవ అవుతుందా అన్నది మనం ఆలోచించవలసిన ప్రశ్న.

పక్షవాతంలో మొదట దెబ్బతినేది కండరం కాదు, మెదడు. కండరానికి ఆజ్ఞ సరిగా అందదు. తర్వాత వాడుక తగ్గినకొద్దీ కండరమూ క్షీణిస్తుంది. ప్రయత్నించి విఫలమైన మనిషి ఆ చేతిని వాడకపోవడమే నేర్చుకుంటాడని అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టౌబ్ చెప్పారు. ఈ భావం ఆధారంగా సాగిన ‘ఎక్సైట్’ పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో పాల్గొన్నవారు 222 మంది. వారిలో ఒక వర్గం రెండు వారాలపాటు, మేలుకున్న వేళలో చాలా భాగం, బాగున్న చేతికి తొడుగు వేసుకుని బలహీనమైన చేతితోనే పనులు సాధన చేసింది. మామూలు సంరక్షణ పొందినవారికంటె వీరి చేయి ఎక్కువ మెరుగుపడింది. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది.

ఇక మన ఇళ్ల సంగతి. కుడిచేయి పడిపోతే మన పెద్దలకు కష్టం రెండింతలు. ఎడమచేత్తో అన్నం తినడం వారికి మనస్కరించదు. కనుక కూతురో కోడలో కలిపి నోట్లో పెడతారు. అందులో ప్రేమ ఉన్నది, కాదనలేము. కాని ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అమెరికా సంసారాలలో వేళ మించిపోతోందన్న తొందర కూడా ఉన్నది. మనం పెడితే పది నిమిషాలు, ఆయన తింటే ముప్పావుగంట. మనకు మిగిలిన ఆ అరగంటే ఆయన చేతికి దక్కవలసిన సాధన.

అలాగని సాయం మానివేయడం ధర్మం కాదు. ‘పట్టుదల లేదు, అందుకే లేవడంలేదు’ అని నిందించడం మరీ అన్యాయం. ‘ఎక్సైట్’లో చేరినవారికి మణికట్టు, వేళ్లు కొంతైనా కదిలేవి. అసలే కదలని చేతిని పట్టుదల ఒక్కటే లేపలేదు. తొందర కూడా చేటే. 2015లో వెలువడిన ‘అవర్ట్’ పరిశోధనలో, జబ్బుచేసిన 24 గంటలలోపే మరీ ఎక్కువగా లేపి నడిపించినవారు మామూలు సంరక్షణ పొందినవారంత బాగా కోలుకోలేదు. ఎప్పుడు, ఎంత అన్నది, మింగడానికి ఇబ్బంది ఉన్నదా లేదా అన్నది వైద్యులే చెప్పాలి.

మా ఉద్దేశంలో అసలు ధర్మసూక్ష్మం ఇది: ఆ చేయి ఆయనది. తొడుగు వేసుకోవాలన్నా, గుండీ తానే పెట్టుకోవాలన్నా, ఈ పూటకు ఓపిక లేదన్నా, నిర్ణయం ఆయనదే. ‘నన్ను చెయ్యమంటారా, నాన్నగారూ?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం మన వంతు. ఆ ఆగడానికి తీరిక చేసుకోవడం కావడి మోయడంకంటె తేలికేమీ కాదు.