‘అయినా’ అనే మాట

కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర ఒక ఉత్సవం రాత్రి నాదస్వర కచేరీ. వాయించేది చిలకలూరిపేట వైపు సాయిబుల మేళం. పదిహేనేళ్లుగా వాళ్లు ఏ ఊళ్లో వాయిస్తున్నారని తెలిసినా బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఆ రాత్రి రెండో వరసలో చోటు దొరికింది.

తోడి ఎత్తుకున్నారు. నాదస్వరానికి హార్మోనియంలా మెట్లుండవు. ఏడు రంధ్రాల మీద వేళ్లు, పెదవుల బిగింపు, ఊపిరి. వీటితోనే గమకం పలకాలి. గోదావరి వంతెన మీద రైలు పోతుంటే పెద్దాయన స్వరాన్ని అలాగే నిలబెట్టి, మోత తగ్గాక దించాడు. ఒళ్లు జలదరించింది.

అప్పుడే పక్కనున్న పెద్దమనిషి నా వైపు వంగి, “సాయిబులైనా ఎంత భక్తిగా వాయిస్తున్నారో చూశారాండీ!” అన్నాడు. నేను నవ్వి తలూపాను. లోపల కాస్త గర్వం కూడా కలిగింది. కాసేపటికి నా పేరడిగాడు. చెప్పాను. క్షణమాగి, “అయితేనేంలెండి” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ తర్వాత రాగం నా చెవికెక్కలేదు.

ఆ ‘అయినా’ను నేను ముందునుంచీ ఎరుగుదును. అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు విన్నాను: “ముస్లిములైనా మీరు మంచివారే, కానీ మావాళ్లు ఒప్పుకోరు.” మా ఇంట్లోనూ విన్నాను. “ముసల్మానై ఉండి గుళ్లో వాయించడమేమిటి?” అనేవాడు మా మామూ. ఒకరు మెచ్చుకుంటారు, ఒకరు నొచ్చుకుంటారు. ఇద్దరి లెక్కలోనూ వాయించేవాడు తనది కాని చోట కూర్చున్నవాడే.

నిజానికి ఆ చోటు ఎవరిది? షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టాడు. నాదస్వరం వాళ్లకి తరతరాల ఇంటి విద్య. అది చాలదని తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ వెళ్లి మళ్లీ శిష్యుడయ్యాడు. శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో సంగీత కళానిధి అందుకుని, 1999లో కన్నుమూశాడు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇన్ని తరాల కష్టంలో ‘అయినా’కు చోటెక్కడ?

అయితే ఆ పెద్దమనిషిని తప్పుపట్టి నేను తప్పించుకోలేను. ఆయన మాటకు నాకెందుకు గర్వం కలిగింది? ఇన్నేళ్లూ నేను విన్నది రాగమేనా? లేక “చూడండి, మావాళ్లు మీ గుడి ముందు వాయిస్తారు” అని చెప్పుకోడానికి సాక్ష్యం పోగేసుకున్నానా? కళాకారుణ్ణి గుర్తింపు కార్డులా జేబులో పెట్టుకుని తిరగడం ఆయనకు మర్యాద కాదు. మనకూ కాదు. తోడి వాయించే సాయిబు పరీక్ష నెగ్గాడు, సరే. తోడి రాని సాయిబు సంగతేమిటి? సైకిల్ షాపువాడికీ, పాత ఇనుం కొనేవాడికీ ఈ ఊళ్లో బతకడానికి ఏ రాగం వచ్చి ఉండాలి?

మనిషి మనవాడని ఒప్పుకోడానికి ముందు కచేరీ అడిగే చోట, చప్పట్లు కూడా ఒక తూనికే.

కచేరీ అయ్యాక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వాద్యాన్ని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. సలాం చేశాను. నేనెవరో ఏమిటో అడగలేదు.

“రైలొచ్చినప్పుడు స్వరం వినబడిందా బేటా?” అన్నాడు.

“వినబడింది చాచా” అన్నాను.

ఆయనకు కావలసింది అంతే. నాకూ అంతే కావలసి ఉండాల్సింది.