జ్ఞాపకము ఎవరి మేలుకొరకు?

ధ్యానమునకు చదువుడు: ఆదికాండము 4:1–16, యెషయా 56:1–8

మా సంఘములో ఆదివారపు బడి నడుపుచు, వారమంతయు హైస్కూలులో పాఠములు చెప్పు ఒక ఉపాధ్యాయుడు గత మాసమున మా యొద్దకు వచ్చి యిట్లడిగెను: “అయ్యగారండీ, హిట్లరు కాలంలో యూదుల్ని చంపిన సంగతి పిల్లలకి చెప్పాలి. ఆ శవాల బొమ్మలు చూపించమంటారా, వద్దంటారా? చూపిస్తే రాత్రి నిద్రపోరు. చూపించకపోతే కథలాగా విని మరచిపోతారు.”

మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. ఇది ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఇతరుల ఘోరబాధను మనమెందుకు జ్ఞాపకము చేసికొనవలెను? ఎట్లు జ్ఞాపకము చేసికొనవలెను? పాతగాయములు రేపుటకంటె మరచుటయే క్రైస్తవ క్షమాపణ కాదా యని కొందరందురు. ఈ ప్రశ్నలకు ఉత్తరము వెదకుటయే పనిగా పెట్టుకొన్న మ్యూజియములు లోకములో కొన్ని యున్నవి. మేము వాటిని కన్నులార చూచినవారము కాము; వాటిని గూర్చి చదివి తెలిసికొన్నది మాత్రమే యిచ్చట వ్రాయుచున్నాము.

యెరూషలేములో 1953లో స్థాపింపబడిన యాద్ వషేమ్ అను సంస్థ యున్నది. ఆ పేరు యెషయా 56వ అధ్యాయము 5వ వచనమునుండి తీసికొనబడినది. పిల్లలు లేక, తన పేరు తనతోనే నశించునని దుఃఖించు నపుంసకునికి దేవుడు తన ఆలయములో జ్ఞాపకచిహ్నమును పేరును ఇచ్చెదనని వాగ్దానము చేయు వచనమది. నాజీలు దాదాపు 60 లక్షల యూదులను చంపిరి. కుటుంబములకు కుటుంబములే నశించినందున అనేకుల పేరు తలచుటకైనను ఎవరును మిగులలేదు. ఆ పేరులను ఒక్కొక్కటిగా వెదకి వ్రాయుటయే ఆ సంస్థ పని. ఇప్పటికి దాదాపు 50 లక్షల పేరులు చేకూరినవి. ప్రియులారా, చంపినవాడు మనుష్యుని సంఖ్యగా మార్చెను. జ్ఞాపకము చేసికొనువాడు సంఖ్యను తిరిగి మనుష్యునిగా మార్చుచున్నాడు.

అమెరికాలోని వాషింగ్టను నగరమున 1993లో తెరువబడిన హోలోకాస్ట్ మ్యూజియములో మూడు అంతస్తుల యెత్తున ఒక గోపురము వంటి కట్టడమున్నది. దాని గోడలనిండ ఇప్పటి లిథువేనియాలోని ఐషిష్కెస్ అను చిన్న పట్టణపు యూదుల ఛాయాపటములు: పెండ్లివారు, బడిపిల్లలు, పండుగబట్టలు తొడిగిన కుటుంబములు. 1941 సెప్టెంబరులో రెండు దినములలో ఆ పట్టణపు యూదులను కాల్చి చంపిరి. చూచువారు మొదట వారి బ్రదుకును ఎరుగవలెను. అప్పుడే పోయినదేమో తెలియును. అదే మ్యూజియములో మిక్కిలి భయంకరమైన చిత్రములు చిన్నపిల్లల కంటబడకుండ వాటి ముందు అడ్డుగోడలు కట్టిరి. ఉపాధ్యాయులకు వారిచ్చు సలహాలలో, తరగతిలో ఆ బాధలను నాటకమువలె ఆడింపవద్దనియు, ఇంత పెద్ద విషయమునకు ఒక్క సులభమైన కారణము చెప్పవద్దనియు ఉన్నది. కొంత సేపు బంతులాటవలె ఆడి, ఆ బాధ మాకు తెలిసినదని పిల్లలు తలంచుట చనిపోయినవారికి అవమానమే గదా.

ఇంతవరకు మనము దూరమున నిలిచి చూచితిమి. ఇక రువాండా దేశమునకు వచ్చినయెడల, సంఘకాపరులమైన మేము తల వంచుకొనవలసియున్నది. 1994 ఏప్రిలు మొదలుకొని సుమారు 100 దినములలో 8 లక్షలకు తక్కువ కాని ప్రజలు చంపబడిరి. వారిలో అత్యధికులు టుట్సీలు. చంపినవారును చచ్చినవారును అధికముగా బాప్తిస్మము పొందినవారే. న్యమాటా పట్టణములో జనులు ఆశ్రయమునకై చేరిన గుడియే వధ్యస్థలమాయెను, ఇప్పుడది స్మారకస్థలము. ముగొనేరోలో మిషను ఆసుపత్రి ఆవరణములో దాగిన పాస్టర్లు కొందరు, తమ ప్రాంతపు సంఘముల అధ్యక్షునికి ఉత్తరము వ్రాసి, తమ పక్షమున అధికారులతో మాటలాడుమని వేడుకొనిరి. మరునాడు వారిపై దాడి జరిగెను. ఆ అధ్యక్షుడైన పాస్టరు ఎలిజాఫాన్ నటాకిరుటిమానాకు, జాతి సంహారమునకు తోడ్పడెనని ఐక్యరాజ్యసమితి న్యాయస్థానము 2003లో 10 సంవత్సరముల శిక్ష విధించెను.

మేము ఈ సంగతి చదివిన రాత్రి చాలసేపు మేలుకొని యుంటిమి. ఆయనయు మావలెనే ప్రసంగపీఠమెక్కినవాడు, మావలెనే ప్రభుభోజనపు పాత్రను ఎత్తినవాడు.

కిగాలీ నగరములోని స్మారకమందిరము 2004లో తెరువబడెను. అక్కడ 2,50,000 మందికి మించి సమాధి చేయబడిరి. ఒక గదిలో పిల్లల చిత్రముల క్రింద, వారికిష్టమైన ఆటయేది, ఇష్టమైన తిండియేది, ఎట్లు చనిపోయిరి అని వ్రాసియున్నది. ఈ ఘోరము కత్తితో మొదలు కాలేదనియు అచ్చట నేర్పుదురు. బెల్జియము ఏలుబడిలో 1930ల నుండి ప్రతివాని గుర్తింపు కార్డుపై జాతి పేరు వ్రాయబడెను. తరువాత రేడియోలో పొరుగువారిని బొద్దింకలని పిలిచిరి. కత్తి పిమ్మట వచ్చెను.

అయితే మరియొక కాపరియు ఉండెను. ఫ్రాన్సులోని లె షాంబోన్ అను ప్రొటెస్టంటు గ్రామములో పాస్టరు ఆండ్రే ట్రోక్మేయు, ఆయన భార్య మాగ్డాయు, సంఘస్థులును వేలాది శరణార్థులను తమ యిండ్లలో దాచిరి. ఆయన 1943లో చెరలో వేయబడెను. అక్కడను అదే బైబిలు, అదే లూకా 10వ అధ్యాయము. కావున వాక్యము చేతనుండుట చాలదు. తలుపు తట్టినవానికి తీయుటయే పరీక్ష.

కాబట్టి మరచుటయే క్షమాపణ యను మాట నిజము కాదు. కయీను తనకు తెలియదని చెప్పినను దేవుడు సంగతిని మూసివేయలేదు. నేలనుండి రక్తము మొరపెట్టుచున్నదని తెలిపెను. అయినను కయీనును ఎవరును చంపకుండ గురుతు వేసెను. జ్ఞాపకము పగకొరకు కాదు, పశ్చాత్తాపముకొరకు.

ఆ ఉపాధ్యాయునితో మేము చివరకు ఇట్లంటిమి: “శవాల గుట్ట చూపించకు నాయనా. ఒక్క కుటుంబం ఫోటో చూపించు. వాళ్ల పేర్లు పిల్లలచేత పలికించు. పక్కింటివాళ్లు ఏం చేశారో చెప్పు. ఆ తరువాత, మన ఊళ్లో మనం పేరు పెట్టి పిలవకుండా కులం పేరుతో పిలిచేది ఎవరినో అడుగు.” ఇది ఆ ఘోరముతో సమానమని మేము చెప్పుటలేదు. అయితే మనుష్యుని పేరు తీసివేయుట ఎక్కడ మొదలగునో, అక్కడనే కాపరియు, ఉపాధ్యాయుడును, సంఘమును మేలుకొనవలెను.

ప్రతివాని పేరును ఎరిగిన ప్రభువు మనకు అట్టి మెలకువ దయచేయును గాక. ఆమేన్.